లోపలి రెక్క

బాల్సా కట్టె మన సీమలో మొలవదు.
మద్రాసు నుంచి పార్సిలు రావాలంటే పదైదు దినాలు.
అరచేతిలో పెట్టుకుంటే ఉందో లేదో తెలీదు,
దీని ముందర ఎండిన జొన్నదంటు కూడా దుంగే.

అనంతపురం పాతూరులో నాది మోటారు వైండింగు అంగడి.
పగలంతా కాలిపోయిన బోరు మోటార్లు, రాగితీగ, వార్నీషు.
రాత్రి పదికి షట్టరు సగం దించి
బ్లేడుతో రెక్కకు పక్కటెముకలు కోస్తా.
ఇరవై రెండు.
ఒక్కటి వెంట్రుకవాసి మందమైనా
గాలి కనిపెట్టేస్తాది.

చౌడేశ్వరి వచ్చిన మొదటి రోజే అడిగింది,
ఎన్‌సీసీ టోపీ ఇంకా నెత్తిమీదనే ఉంది,
"పీరా సార్, ఈ రెక్క పొడుగు, ఆ రెక్క పొట్టి.
తప్పు కోసినావా?"

తప్పు కాదు మ్మే.
నీ వైపుండే రెక్క చిన్న సుట్టు తిరుగుతాది,
దానికి గాలి తక్కువ దొరుకుతాది,
అందుకే రవ్వంత పొడుగు.
బయటి రెక్క కొసలో చెల్లని పావలా దాచినా.
ఇంజను మూతి కూడా బయటికే తిప్పినా.
పారిపోవాలని దానికి ఎప్పుడూ ఉండాల,
లేకుంటే తీగలు వదులైతాయి.
తీగలు వదులైతే
నీ చేతిలో ఉండేది ఉత్త పిడి.

స్పిరిట్లో ఆముదం నాలుక్కు ఒక పాలు.
ఆముదం వాళ్ళ అవ్వ తెచ్చిచ్చింది,
చెనిక్కాయ చేను గట్టున కాసింది,
నా పాత లుంగీలో మూడుసార్లు వడగట్టినా.
చిన్నప్పుడు మా అమ్మ ముక్కు మూసి మింగించిందే,
ఇప్పుడు అది పొగై
అంగడంతా తిరుగుతాంది.

ఇంజను మాట నేర్చుకోవాలంటే నీడిలు తిప్పాల.
రబ్బరు పైపు చిటికెడు సేపు నొక్కి వదులు.
గొంతు పైకెక్కి మళ్ళీ గురగురకు దిగితే సరి.
దిగకుంటే దానికి దప్పిక, ఇంకో గాటు వదులు.
బోర్లు నా ఎడమ చెవి ఎప్పుడో తినేసినాయి.
స్క్రూడ్రైవరు పళ్ళతో పట్టి
బెంచీకి ఆనించి వింటా.
పళ్ళు అబద్ధం చెప్పవు.

ఆర్ట్స్ కాలేజీ గ్రౌండు. శ్రావణం వచ్చినా
ఆషాఢం గాలి ఇంకా ఊరు ఖాళీ చేయలేదు.
సున్నంతో గీసిన సుట్టు, నడుమ చిన్న సుట్టు.
తీగల బలం చూసేదానికి
చెనిక్కాయ మండీ నుంచి తెచ్చిన కొక్కెం కాటా.
ముల్లు పన్నెండు కిలోలకాడ వణికి నిలబడింది.

గ్రౌండులో బెంచీ లేదు, పళ్ళకు పనిలేదు.
ఎడమ పక్క నిలబడే నీడిలు చూసినా.
తోక పట్టుకుని కూర్చున్నా,
ఆమె చేయి దించింది,
వదిలినా.

"గాలికి వీపియ్యి!" అని అరిచినా.
వినపడదని తెలుసు. వీపే ఇచ్చింది.
మూడు సున్నాలు, ఒకదానిమీద ఒకటి, పెన్సిలు తీయకుండా రాసినట్టు.
తర్వాత బోర్లా.
అప్పుడు చేయంతా తారుమారు,
పైకి కావాలంటే కిందికి వంచాల.
తలకిందులైనదాన్ని నేలకు మోకాలెత్తులో
రెండు సుట్లు తిప్పింది.

నడినెత్తిన ఉన్నప్పుడు ఇంజను ఆగింది.

ఆ నిశ్శబ్దం నాకు రెండు చెవుల్లోనూ వినపడింది.
తీగలు జారినాయి, ముసలోని తోలు మాదిరి.
ఆమె వెనక్కి పరిగెత్తింది
నడిమి సున్నం గీత దాటి, ఏడడుగులు, ఎనిమిది,
తీగలు మళ్ళీ బిగిసినంత వరకు.
చక్రాలు దుమ్ములో ఆనినాయి.
గీత దాటినందుకు మార్కులు కోసినారు.
ఆరో స్థానం.

ట్యాంకు ఊపి చూసినా. నూనె మెదులుతాంది.
అయిపోలేదు.
"నీడిలు ఒక గాటు ఎక్కువ బిగించినా మ్మే.
దప్పికతో చచ్చింది. తప్పు నాది."
ఆమె తూలుతా నా భుజం పట్టుకుంది,
సుట్టూ ఊరు ఇంకా తిరుగుతానే ఉందంట.
"ఈసారి ఆ పక్క నిల్చో సార్,
కుడి చెవి పక్క."

రాత్రి రెక్కకు పట్టిన ఆముదం తుడుస్తాండా.
ఊపితే లోపల పావలా గలగలమంటాంది,
అంటు వదిలినట్టుంది.
రేపు కోసి చూడాల.